ఆ మూత ఎవరిది?

నాచారం పారిశ్రామికవాడలో పెద్ద ఫ్యాక్టరీల గోడలు దాటి లోపలి గల్లీల్లోకి వెళితే రేకుల షెడ్లు వరసగా కనిపిస్తాయి. ఒకదాంట్లో లేత్, ఇంకోదాంట్లో ప్రెస్సు, మరోదాంట్లో ప్లాస్టిక్ పోత. అలాంటి ఒక షెడ్డులో బెంజమిన్ పదకొండేళ్లుగా మూతలు పోస్తున్నాడు. దానా అని వాళ్లు పిలిచే ప్లాస్టిక్ గింజలు మిషన్లో కరిగి డై అనే ఇనుప అచ్చులోకి దిగుతాయి. కాసేపటికి డై తెరుచుకుని వేడి మూత కింద పెట్టెలో పడుతుంది. పక్కనే పీట మీద కూర్చున్న అతని భార్య ఫెబా ఆ మూత తీసుకుని, అంచుకు మిగిలిన పొరను బ్లేడుతో చెక్కేస్తుంది. చూసినవాళ్లు ముచ్చటపడే సంసారం, ముచ్చటపడే పని.

అవి దేని మూతలో కూడా చెప్పాలి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్‌కు ముందు చిన్న నీళ్ల సీసా ఒకటి ఉంటుంది. గాలి ఆ నీళ్లలోంచి బుడగలుగా వచ్చి, కాస్త తడిసి, గొట్టం వెంట ముక్కుకు చేరుతుంది. మిషన్ గాలి ఆ సీసా మూతలోంచే నీళ్లలోకి దిగుతుంది కాబట్టి, మూతకు పగులు పడితే గాలి నీళ్లదాకా చేరకుండానే బయటికి పోతుంది, బుడగలు ఆగిపోతాయి. మిషన్ చేసే కంపెనీ మూత ఒక్కటీ విడిగా అమ్మదు. సీసా మొత్తం కొనాలి, దాని ధర వింటే రోగం లేనివాడికి కూడా ఆయాసం వస్తుంది. బెంజమిన్ మూత అందులో పదోవంతుకు దొరుకుతుంది. ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. పేదవాడి ఊపిరికి అందే ధరలో మూత చేసినవాడికి దండం పెట్టాలి.

అయితే ఆ మూత మీద ఉన్న పేరు బెంజమిన్‌ది కాదు, కంపెనీది. కంపెనీ పేరూ, పక్కన రెక్క విప్పిన పిట్ట గుర్తూ డైలోనే చెక్కించి పెట్టుకున్నాడు.

మొదట్లో అతను పేరు లేని మూతలే పోశాడు. షాపులకు సరుకు వేసే లక్ష్మీకాంత్ వాటిని పెట్టెలతో సహా వెనక్కి తెచ్చాడు. "అన్నా, జనం పిట్టను జూసి కొంటరు. పిట్ట లేకుంటే నీ మూత నీ దగ్గర్నే ఉంటది. అందరు జేస్తున్నదే గదా, నీకెందుకు ఫికర్?" అన్నాడు. నిజమే, అందరూ చేస్తున్నదే. చర్లపల్లిలో ఒక డై మేస్త్రీ ఒకే కొలతలతో, ఒకే పిట్టతో నలుగురికి డైలు చేసిచ్చాడు. ఆ నలుగురిలో బెంజమిన్ ఒకడు. మంది ఎక్కువైతే తప్పు కాస్తా ఆనవాయితీ అయి కూర్చుంటుంది.

గడిచిన వేసవిలో ఒక సోమవారం పొద్దున కోర్టు పంపిన కమిషనరు, ఇద్దరు పోలీసులు, కంపెనీ వకీలు షెడ్డులోకి వచ్చారు. ఉన్న మూతలన్నీ సంచుల్లో నింపి సీలు వేశారు. మిషన్ నుంచి డై విప్పి పట్టుకుపోయారు. ఆ సాయంత్రమే బెంజమిన్ ఉప్పల్‌లో వకీలు తారామణి దగ్గరికి పరిగెత్తాడు. ఆమె కాగితాలు చదివి కళ్లజోడు తీసింది.

"ఇందులో రెండు సంగతులున్నయ్, బెంజమిన్ గారూ. వాళ్ల మిషన్‌కు సరిపడే మూత ఎవ్వరూ చేయొద్దని అడుగుతున్నరు. దానికి నేను గట్టిగ కొట్లాడతా. మీ పేరు వేసుకుని, 'ఫలానా మిషన్‌కు సరిపోతుంది' అని రాసి అమ్ముకునేందుకు చట్టమే దారి ఇచ్చింది. కానీ వాళ్ల పేరు, వాళ్ల పిట్ట మూత మీద చెక్కిన్రు. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు."

"మూతే ఆపేయమంటే ఎట్ల మేడమ్? నాకు చేతనైంది గదొక్కటే."

"తెలుసు. ఇంకో చిక్కున్నది. ఆఖరి పేజీ సూడుండ్రి."

ఆఖరి పేజీలో ఒక ఫోటో ఉంది. పిట్ట గుర్తు ఉన్న మూత, మెడ దగ్గర వెంట్రుక మందాన పగులు. కింద నాలుగు వరుసలు: ఘట్‌కేసర్‌కు చెందిన సారలమ్మ, అరవై రెండేళ్లు, నకిలీ మూత పగిలి ఆక్సిజన్ అందక నిరుడు ఆగస్టులో మరణించింది. నకిలీల వల్ల జరిగే అనర్థానికి ఇదే సాక్ష్యమని కంపెనీ రాసుకుంది.

బెంజమిన్ ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు. దానికి కారణం తారామణికి తెలియదు. నిరుడు జూన్‌లో దానా దొరకడం కష్టమైనప్పుడు ఒక వారం పాటు పాత తుక్కు ప్లాస్టిక్‌ను పొడి కొట్టి కొత్త దానాలో కలిపాడు. ఆ వారం మూతలు కాస్త పెళుసుగా వచ్చాయి. అయినా పెట్టెల్లో సర్ది పంపించేశాడు.

ఆ రోజు నుంచి సారలమ్మ అతన్ని వదల్లేదు. ఆమెను అతనెన్నడూ చూడలేదు. అయినా ఉప్పల్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రతి ముసలమ్మా ఆమెలాగే కనిపించేది. వంటింట్లో కుక్కర్ బుస్సుమంటే ఉలిక్కిపడేవాడు. సైకిల్ షాపులో ట్యూబు గాలి వదిలితే ఆగిపోయేవాడు. ఆదివారం చర్చిలో అందరూ తలలు వంచి మౌనంగా ప్రార్థించే వేళ, వెనక బెంచీలో ఎవరో గాలి కోసం ఎగపీల్చుతున్నట్టు వినిపించి చటుక్కున తిరిగి చూశాడు. బెంచీ ఖాళీగా ఉంది. మిషన్ ఆగిపోయిన షెడ్డులోకి వెళ్లాలంటే భయం పట్టుకుంది. అక్కడ, ఫెబా కూర్చునే పీట మీద, ముక్కుకు గొట్టం పెట్టుకుని ఒక ఆడమనిషి తన వైపే చూస్తున్నట్టు ఉండేది.

"గా జూన్ల మూతలు గుర్తున్నయా?" అని ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అడిగాడు.

ఫెబా ముఖం ఎత్తలేదు. "ఎందుకు గుర్తుండవు? బ్లేడు తాకితేనే చిట్లుతున్నయని నేను చెప్పిన. గీ వారం గట్లనే పోనియ్యి అన్నవ్. నేను గూడ నోరు మూసుకున్న. తప్పు నీదొక్కనిదే కాదు."

ఇద్దరూ అన్నం తినలేదు.

మర్నాడు బెంజమిన్ చిల్కానగర్‌లోని ఇంటి నుంచి బయల్దేరి, కాగితాల్లో ఉన్న అడ్రసు పట్టుకుని ఘట్‌కేసర్ వెళ్లాడు. సారలమ్మ భర్త కొమురెల్లి ఒకప్పుడు ఇటుకల బట్టీలో కాపలాదారు. కంపెనీ మనిషి వచ్చాడనుకుని కుర్చీ వేశాడు. అడగకముందే చెప్పుకుపోయాడు, అడిగేవాళ్లు లేక ఎన్నాళ్లుగానో లోపలే ఉండిపోయిన మాటలు అవి.

"పగటిపూటనే సారు. కరెంటుండె, మిషన్ నడుస్తుండె. నీళ్లల్ల బుడగలు మాత్రం వస్తలేవు. మిషన్ ఖరాబైందనుకున్న. నీళ్లు మార్చిన, వైరు పీకి మల్ల పెట్టిన. మూత మీద నాకు అనుమానమే రాలే. చదువు రాదు గాని పిట్టను గుర్తుపడ్త. పిట్టను జూసే కొన్న. కంపెనీది ఎందుకు పగుల్తదని దాని దిక్కే సూడలే. అంబులెన్సు వచ్చేటాలకు ఆమె పోయింది."

బెంజమిన్ కుర్చీలోంచి లేచాడు. తను చెక్కించిన పిట్టే ఈ ముసలాయన కళ్లు కప్పింది. పగులు ఎదురుగానే ఉన్నా, ఆ పిట్ట అటువైపు చూడనివ్వలేదు.

కొమురెల్లి ట్రంకు పెట్టెలోంచి బట్టలో చుట్టిన మూత తెచ్చి చేతిలో పెట్టాడు. కంపెనీవాళ్లు ఫోటో తీసుకుని, కోర్టు అడిగేదాకా జాగ్రత్త చేయమన్నారట. బెంజమిన్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మరలు తడిమాడు, గోటితో అంచు గీకాడు. లక్షల మూతలు పోసిన మనిషి అది తనదో కాదో తేల్చుకోలేకపోయాడు. అదే కొలత, అదే పిట్ట. నలుగురిలో ఎవరిదైనా కావచ్చు. జూన్ నెలదీ కావచ్చు.

"కొమురెల్లన్నా, నేను కంపెనీ మనిషిని కాదు. గిసొంటి మూతలు జేసేటోన్ని."

ముసలాయన అతని చేతిలోంచి మూతను వెనక్కి తీసుకున్నాడు. "గిది నువ్వు జేసిందేనా?"

"తెల్వదన్నా."

"జేసినోనికే తెల్వకుంటే ఇగ నేనెవల్ని అడగాలె?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బెంజమిన్ తట్టుకునేవాడేమో. బస్సులో వస్తున్నంతసేపూ ఆ ప్రశ్న అతని పక్క సీట్లో కూర్చునే వచ్చింది.

విచారణ రోజు కోర్టు మెట్ల మీద తారామణి గట్టిగా చెప్పింది. "ఆ మూత మీదే అని రుజువు చేయాల్సింది వాళ్లు. నాది కాదు అనండి చాలు. మిగతాది నేను చూసుకుంట." లక్ష్మీకాంత్ కూడా ఫోన్ చేసి అదే అన్నాడు. ఆ ఒక్క మాట అంటే చావు నింద తప్పుతుంది, మూతల పని నిలిచే ఆశ ఉంటుంది. మరోమాట అంటే రెండూ పోవచ్చు.

జడ్జి నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. కొమురెల్లి తెచ్చిన మూతను చూపించి, "ఇది నువ్వు తయారుచేసిందేనా?" అని అడిగాడు.

బెంజమిన్ వెనక బెంచీ వైపు చూశాడు. కొమురెల్లి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"తెల్వదు సార్. నాది కావొచ్చు. నిరుడు జూన్ల ఒక వారం తుక్కు కలిపి పోసిన. గవి పెళుసుగ వచ్చినయ్. తెలిసీ అమ్మిన. నా పేరు రాసుకుని ఉంటే ఇయ్యాల తెలిసేది. నాదైతే పెద్దమనిషికి నేను జవాబు చెప్తుంటి, కాకుంటే నా మనసన్న నిమ్మళపడుతుండె. వేరేటోళ్ల పేరెనక దాక్కున్న సార్. ఇప్పుడు బయటికి వద్దామన్నా తొవ్వ దొరుకుతలేదు."

తారామణి తల పట్టుకుంది. కంపెనీ వకీలు సంతోషంగా లేచి, ఇలాంటివాళ్లను ఈ పనిలోనే ఉండనివ్వకూడదని వాదించాడు. జడ్జి అతన్ని కూర్చోమని సైగ చేశాడు.

రెండు వారాల తర్వాత తీర్పు చెబుతూ ఆయన ఇలా అన్నాడు: "మిషన్ కొన్నవాడు మిషన్‌కు యజమాని అవుతాడు గాని కంపెనీకి బానిస కాడు. దానికి సరిపడే మూత మరొకరు చేయకూడదని ఆపే హక్కు కంపెనీకి లేదు. మూతను విడిగా అమ్మకుండా సీసా అంతా కొనమన్నవాళ్లు, జనం నకిలీల వైపు ఎందుకు వెళ్లారో తమను తామే అడగాలి. కానీ పరాయి పేరు చెక్కడం కొన్నవాణ్ణి మోసగించడమే. ఆ డైని ధ్వంసం చేయాలి. సారలమ్మ మరణానికి కారకుడు ఎవరన్నది ఈ కోర్టు ముందున్న సాక్ష్యంతో తేలలేదు. అలా తేలకుండా చేసింది ఈ పరాయి పేరే."

బెంజమిన్‌కు మూతలు చేసుకునే హక్కు మిగిలింది, చేతిలో డై మిగల్లేదు. ఫెబా మెడలోని గొలుసు కొత్త డైగా మారింది. ఈసారి చెక్కించింది ఒకటే: 'బెంజమిన్, నాచారం', కింద ఫోన్ నంబరు. లక్ష్మీకాంత్ అది చూసి నవ్వాడు. "పిచ్చిగాని లేశిందా అన్నా? రేపు ఏదన్న అయితే సీదా నీ ఇంటికే వస్తరు."

"గందుకే రాసిన," అన్నాడు బెంజమిన్.

లక్ష్మీకాంత్ సరుకు ఎత్తలేదు. బెంజమిన్ బండి మీద పెట్టె కట్టుకుని షాపు షాపూ తిరిగాడు. నలుగురు కాదంటే ఒకరు తీసుకున్నారు. సారలమ్మ మాత్రం షెడ్డులోంచి వెళ్లిపోలేదు. ఆమె ఎప్పటికైనా వెళ్తుందని నేను మీకు అబద్ధం చెప్పను.

నాలుగు నెలలు గడిచాక ఒకరోజు పొద్దున ఫోన్ మోగింది. చెంగిచెర్ల నుంచి ఎవరో ఆడపిల్ల, ఏడుస్తోంది.

"అంకుల్, మీ నంబరు మూత మీద ఉన్నది. మా నాయన మిషన్ల బుడగలు వస్తలేవు. మూతకు సన్న గీత గనవడ్తున్నది. నాయన పెదాలు నీలమైతున్నయ్!"

బెంజమిన్ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. 'ఇది తప్పు నంబరు' అని ఫోన్ పెట్టేసే పాత మనిషి ఇంకా ఎక్కడో లోపల మిగిలే ఉన్నాడు. ఆ పాత మనిషి నోరు తెరవకముందే బెంజమిన్ అన్నాడు.

"అది నేను జేసిన మూతే బిడ్డా. ఏడవకు, నేను చెప్పినట్టు చెయ్యి. సీసా మొత్తం తీసి పక్కన పెట్టు. నాయన ముక్కు కాడి గొట్టం ఉన్నది సూడు, దాని రెండో కొసను మిషన్‌కే నేరుగా తొడుగు. జర పొడిగాలి వస్తది, ఏం గాదు. తొడిగినవా?"

అవతల ఏవో చప్పుళ్లు. ఎవరో దగ్గారు. ఫెబా బ్లేడు కింద పెట్టి లేచి నిలబడింది.

"వస్తున్నది అంకుల్! గాలి వస్తున్నది!"

"అంబులెన్సుకు ఫోన్ జెయ్యి. నేను వేరే మూత పట్టుకుని వస్తున్న." ఫోన్ పెట్టేసి అతను పీట మీద కూలబడ్డాడు. చేతుల్లో ముఖం దాచుకుని గట్టిగా ఏడ్చాడు. సీసా తీసి గొట్టం నేరుగా తొడగమనే ఆ నాలుగు మాటలు అతనికి ఎప్పటి నుంచో తెలుసు. వాటిని అడగడానికి ఆ రోజు కొమురెల్లి దగ్గర ఒక నంబరు లేదు. ముసలాయన దగ్గర ఉన్నది పిట్ట ఒక్కటే.

"లే, జల్ది పో," అంది ఫెబా, అతని భుజం పట్టి లేపుతూ.

అతను కళ్లు తుడుచుకుని బండి తీశాడు. అయ్యా, అమ్మా, మిషన్ ఎవరిదైనా దానికి సరిపడే వస్తువు చేసుకునే హక్కు పనిచేసేవాడికి ఉంది, ఆ హక్కు కోసం కొట్లాడండి. కానీ చేసిన ప్రతి వస్తువు మీదా మీ పేరే రాయండి, అది పగిలిన రోజు పిలిస్తే పలకండి.