పాస్టరుగారికి ఒక్క తూటా

మందు ఒక రవ్వ ఎక్కువైంది. లాయిడ్ క్రెబ్స్ ఊపిరి బిగబట్టి, చిటికెనవేలి గోరంత గరిటెతో త్రాసు పళ్ళెంలోంచి రెండు రేణువులు తీసి డబ్బాలో పడేశాడు. ముల్లు సున్నా దగ్గరికొచ్చి, కాసేపు తటపటాయించి ఆగింది. మరీ అంత బుద్ధిగా ఆగేసరికి అతనికి అనుమానమొచ్చింది. పళ్ళెం తీసి మళ్ళీ పెట్టి చూశాడు.

శనివారం పొద్దున్న ఆరు కావస్తోంది. ఇంటి కింద నేలమాళిగలో, బట్టలుతికే మిషను పక్కన, అతని బల్ల ఉంది. బల్ల మీద తూటాలు చేసుకునే చేతిమర, త్రాసు, మెడ వంచే దీపం. మెరిసేదాకా తోమిన ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి నిలబెట్టి ఉంది. దాని అడుగున నిప్పు బిళ్ళ రాత్రే బిగించాడు. ఇక మందు పొయ్యాలి, మూతికి గుండు బిగించాలి, అంతే. తక్కినవాళ్ళు కొట్లో డబ్బా కొనుక్కుని ఆ పూటే వేటకి పోతారు. లాయిడ్‌కి కొట్లో తూటాలు పెళ్ళిభోజనంలో కూరలాంటివి, ఎవరి నోటికీ ప్రత్యేకంగా వండినవి కావు. తన తుపాకికి తనే వండుతాడు, ఒక్కో తూటాకి అరగంట చొప్పున.

పైగా పొలానికి ఒకే ఒక్క తూటా తీసుకెళతాడు. "రెండోది జేబులో ఉంటే మొదటిదాని మీద శ్రద్ధ ఉండదు," అంటాడు. ఈ సిద్ధాంతం విని మెచ్చుకున్నవాడు ఆ లోయలో ఇంతవరకూ పుట్టలేదు.

అతనికి అరవై ఒకటేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు ముందుకి వంగి ఉంటాయి. ఎంత రుద్ది కడుక్కున్నా కనుబొమల్లో మొక్కజొన్న పిండి మిగిలిపోతుంది. దాణా మిల్లులో ముప్పై నాలుగేళ్ళుగా తూకం గుమాస్తా. పగలంతా లారీలు తూస్తాడు, టన్నుల్లో. ఇంటికొచ్చి తుపాకిమందు తూస్తాడు, గింజెత్తులో పదోవంతు దాకా. మధ్యలో ఉండే బరువుల మీద అతనికి ఆసక్తి లేదు. వాటిని భార్య ఫెర్న్ చూసుకుంటుంది.

"లాయిడ్!" అని ఫెర్న్ మెట్ల మీంచి కేకేసింది. "ఇర్మా గారు ఫోన్లో!"

లాయిడ్ పలకలేదు. పళ్ళెంలో మందుండగా నోరు విప్పకూడదన్నది బల్ల దగ్గర నియమం.

"విన్నావా లేదా? ఇవాళే అంటోంది! ఎల్వుడ్‌ని పిలుస్తానంటోంది!"

మిల్లులో తనతో పనిచేసే ఎల్వుడ్ పేరు వినగానే నియమం గాలికెగిరిపోయింది. లాయిడ్ రెండేసి మెట్లెక్కి పైకొచ్చి గోడ ఫోను అందుకున్నాడు.

ఇర్మా బ్రూబేకర్‌కి ఎనభై ఒకటి. భర్త పోయాక కూడా ఎనిమిది ఆవుల్ని తనే పితుక్కుంటోంది. ఆవిడ గడ్డిపొలంలో ఒక గ్రౌండ్‌హాగ్ ఉంది. బొద్దుగా, గోధుమరంగులో, పందికొక్కుకి పెదనాన్నలా ఉంటుంది. బొరియ మట్టికుప్ప మీద నిలబడి, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని పొలాన్ని కలయజూస్తుంది. అచ్చం ప్రసంగానికి ముందు మనిషిలా ఉందని ఇర్మాయే దానికి పాస్టరుగారని పేరు పెట్టింది. ఆ బొరియలో పోయినేడు ఒక పెయ్య కాలు విరిగింది. మొన్న మేనల్లుడు నెవిన్ గడ్డియంత్రం చక్రం దిగబడి ఇరుసు వంగిపోయింది.

"లాయిడూ, సోమవారం నెవిన్ కోతకొస్తున్నాడు," అంది ఇర్మా. "పాస్టరుగారి సంగతి ఇవాళ తేలాలి. రేపు ఆదివారం."

పెన్సిల్వేనియాలో ఆదివారం గ్రౌండ్‌హాగ్‌ని కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం పాస్టరుగారికి కూడా తెలుసని ఇర్మా గట్టి నమ్మకం. ఎందుకంటే ఆదివారం పూట ఆయన ఏకంగా దొడ్డి గుమ్మం దాకా షికారుకొస్తాడు.

"ఇవాళ సాయంత్రం గాలి ఎలా ఉంటుందో చూసి..." అని మొదలుపెట్టాడు లాయిడ్.

"ఆరేళ్ళుగా చూస్తున్నావయ్యా గాలిని! పొద్దుగూకేసరికి ఆయన ఇంకా నిలబడే ఉంటే సోమవారం తెల్లారి ఎల్వుడ్ వస్తాడు. పొలం వాడికిస్తాను. నీ మీద కోపం లేదు, ఇరుసు మీద బెంగ."

ఆ లోయలో ఒక పొలానికి ఒకే తుపాకి. రైతు నోటిమాటే పట్టా. ఆ మాట ఒకసారి ఇంకొకరికి పోయిందంటే మళ్ళీ అడగడం మర్యాద కాదు. లాయిడ్‌కి పిల్లల్లేరు. పేకాట రాదు. మిల్లు, చర్చి, ఆ పొలం, ఇవే అతని ప్రపంచం. మిట్ట మీద బోర్లా పడుకుని, గడ్డి ఎటు వాలుతోందో చూస్తూ గడిపే సాయంత్రాల కోసమే అతను వారమంతా లారీలు తూస్తాడు. ఆ పొలం పోతే తనకిక సాయంత్రాలే ఉండవని ఫోను పెట్టేస్తుంటే తెలిసింది.

"మూడు తుపాకులు మార్చావు," అంది ఫెర్న్ పెనం మీద గుడ్డు తిరగేస్తూ. "నన్నడిగితే ఆ జంతువు వయసైపోయి పోతుంది, నీ చేతుల్లో కాదు."

"మొదటి రెండూ సరైనవి కావు."

"పాపం, తుపాకులదే తప్పు!"

నిజానికి కొంత తప్పు వాటిదే. మొదటిది తండ్రి ఇచ్చింది. దాని గుండు ఎంత తీరిగ్గా వెళ్ళేదంటే, రెండువందల గజాలు దాటేలోపు పాస్టరుగారు పక్కకి జరిగి, పడిన చోటు పరిశీలించి లోపలికి వెళ్ళేవాడు. రెండోది పెద్దది. దూరం అందుకుంది గానీ ఆ చప్పుడుకి ఆవులు పాలబిందె తన్నేశాయి, కోళ్ళు మూడ్రోజులు గుడ్లు పెట్టలేదు. "ఆ ఫిరంగిని మళ్ళీ నా గడప తొక్కనివ్వకు," అంది ఇర్మా. మూడోదాన్ని ఎంచుకోవడానికి ఒక చలికాలం పట్టింది. నాలుగు నెలలు రాత్రి భోజనం పళ్ళెం పక్కన కేటలాగు పెట్టుకునే తిన్నాడు. చివరికి బఠాణీగింజ కన్నా సన్నటి గుండు పేల్చే తుపాకి తెచ్చాడు. చప్పుడు తక్కువ, వేగం ఎక్కువ. నేలకి తగిలితే గుండు పొడైపోతుంది, ఎగిరిపోయి ఎవరి కొట్టానికీ తగలదు. దాంతో ఒకటే చిక్కు. గాలి కాస్త దగ్గితే చాలు, పక్కకి జరుగుతుంది.

గుడ్డు నోట్లో కుక్కుకుని లాయిడ్ కిందికి పరిగెత్తాడు. మిల్లుకి పది నిమిషాలే ఉంది. గుండు తీసి గొట్టం మూతిలో నిలబెట్టి మర పిడి కిందికి లాగాడు. పొడవు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. గుడ్డతో తుడిచి, అగ్గిపెట్టెలో దూది పరిచి పడుకోబెట్టాడు. జన్మలో ఇంత చక్కటి తూటా చేయలేదనుకున్నాడు.

మిల్లులో ఎల్వుడ్ జూక్ సంచులు కుడుతున్నాడు. భారీ మనిషి, గొంతు కూడా భారీయే. లాయిడ్ కూర్చున్న తూకంగది కిటికీ దగ్గరికి అతనే వచ్చి మోచేతులు ఆనించాడు.

"ఏం గురూ, ఇవాళేనటగా ముహూర్తం?"

"లారీ చూడు, ఎల్వుడ్. వెనక చక్రం ఇంకా త్రాసు ఎక్కలేదు."

"మా బావమరిది తుపాకి తెస్తా. బండి తలుపు మీద ఆనించి ఒక్కటి పీకుతానంతే. కాఫీ చల్లారేలోపు ఇంటికొచ్చేస్తా."

"గాలి చూడవా?"

"గాలి చూడ్డానికి అదేమన్నా కనబడుతుందా?"

లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. లాయిడ్ చీటీ మీద బరువు రాసిచ్చాడు. కానీ ఆ పూట మూడుసార్లు చొక్కాజేబు తడుముకున్నాడు. అగ్గిపెట్టె అక్కడే ఉంది.

సాయంత్రం ఆరింటికి పొలం చేరేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. అలాంటి గాలి కోసం అతను ఆరేళ్ళు ఎదురుచూశాడు. పొలం నడుమ మిట్ట మీద మోకాలెత్తు గడ్డిలో బోర్లా పడుకుని ఇసుకసంచి మీద తుపాకి ఆనించాడు. రెండువందల గజాల అవతల మట్టికుప్ప మీద పాస్టరుగారు చేతులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

వెనక గడ్డి గరగరమంది. తిరిగి చూస్తే ఇర్మా! వంటింటి కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ, ఆయాసపడుతూ వస్తోంది.

"ఇర్మా గారూ, మీరెందుకొచ్చారు?"

"సొంత పొలంలోకి రావడానికి చీటీ కావాలా? ఆరేళ్ళ సినిమా, ఆఖరి ఆట చూడొద్దూ?" కుర్చీని గడ్డిలో కుదేసి, గౌను సర్దుకుని, అతని వెనగ్గా కూర్చుంది. "ఊఁ, కానీ."

"మాట్లాడకండి."

"నేనా? నేనేం మాట్లాడాను? అదిగో, ఇటే చూస్తున్నాడు. మా ఆయనకి కూడా అదే పొట్ట."

లాయిడ్ తుపాకి మీద బిగించిన దుర్భిణి అద్దంలోంచి చూశాడు. సన్నగీతలు రెండూ పాస్టరుగారి చేతులు కట్టిన చోట కలిశాయి. సగం ఊపిరి వదిలాడు. వేలు మెల్లగా వెనక్కి లాగాడు.

టప్.

అంతే. ఎవరో సీసా మూత తీసినట్టు. ఆవులు తలెత్తలేదు. పాస్టరుగారు ఒక చెయ్యి విప్పి పొట్ట గోక్కుని మళ్ళీ కట్టుకున్నాడు.

ఏం జరిగిందో లాయిడ్‌కి అప్పుడే అర్థమైంది. నేలమాళిగలో త్రాసు పళ్ళెం కళ్ళముందు మెదిలింది. రేణువు తేడా లేకుండా తూచిన మందు, ఇప్పటికీ ఆ పళ్ళెంలోనే, సున్నా దగ్గర ముల్లు కదలకుండా కూర్చుని ఉంటుంది. అడుగున నిప్పు బిళ్ళ ఒక్కటే పేలి, గుండుని తుపాకి గొట్టంలోకి బెత్తెడు దూరం నెట్టి చేతులెత్తేసింది. గుండు అక్కడే ఇరుక్కుంది. ఇక ఇవాళ్టికి ఆ తుపాకి ఉత్త ఇనపకడ్డీ.

"ఇంత చిన్న చప్పుడు తుపాకా ఇది? బావుందయ్యా," అంది ఇర్మా. "ఆయనకి తగిలిందా?"

"లేదండీ." లాయిడ్ లేచి కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మందు పొయ్యడం మర్చిపోయాను."

"ఏమిటీ?"

"తూచాను. చాలా బాగా తూచాను. పొయ్యలేదు."

ఇర్మా ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, ఆ తర్వాత కుర్చీ కదిలింది. "ముప్పై నాలుగేళ్ళు... తూకం..." అనబోయి మాట పూర్తి చేయలేక చేత్తో గాల్లో కొట్టింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని అతని మొహం చూసి మళ్ళీ మొదలెట్టింది. లాయిడ్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా భర్త పోయాక ఆవిడ అంతలా నవ్వడం చూడలేదనిపించి, ఎందుకో తనకీ నవ్వొచ్చింది. ఆవిడ కుర్చీలో, అతను గడ్డిలో, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"సోమవారం ఎల్వుడ్‌ని పిలుస్తారా?" అని అడిగాడు చివరికి.

"ముందు నన్ను నవ్వనీ," అంది ఇర్మా.

ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. అతను ఒక చేత్తో తుపాకి, ఇంకో చేత్తో ఆవిడ్ని పట్టుకుని మెల్లగా ఇంటిదాకా నడిపించాడు. అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు.

ఆదివారం చర్చిలో అసలు పాస్టరు ప్రసంగానికి ముందు చేతులు పొట్ట మీద కట్టుకునేసరికి మూడో వరసలోంచి ఇర్మా కిసుక్కుమంది. దగ్గుతున్నట్టు నటిస్తూ బయటికి వెళ్ళిపోయింది. జనం ముక్కున వేలేసుకున్నారు. లాయిడ్ పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ నడుం వాల్చింది. పాలు పితికే వేళకి లేవలేదు. ఆవులు అరుస్తుంటే పక్కింటివాళ్ళు వెళ్ళి చూశారు. దుప్పటి మెడదాకా కప్పుకుని నిద్రలోనే పోయింది.

సోమవారం మధ్యాహ్నం లాయిడ్ మిల్లులో సెలవడిగి పొలానికి వచ్చాడు. తుపాకి తేలేదు. టోపీ చేత్తో పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాడు. నెవిన్ అప్పటికే కోత మొదలుపెట్టాడు. మంగళవారం వానంటున్నారు. ఇర్మాయే ఉంటే తన చావు కోసం కూడా గడ్డిని తడవనిచ్చేది కాదు. యాభై దాటిన మనిషి నెవిన్, అతని కళ్ళు వాచి ఉన్నాయి. ట్రాక్టరు ఆపి దిగి వచ్చాడు.

"శనివారం సాయంత్రం అత్త ఫోన్ చేసింది," అన్నాడు. "ఒకటే నవ్వు. సగం అర్థం కాలేదు. నువ్వేదో మర్చిపోయావంటుంది, నవ్వుతుంది."

లాయిడ్ తల దించుకున్నాడు. "పొలం ఎల్వుడ్‌కే ఇవ్వు, నెవిన్. ఏమీ అనుకోను."

"అదే చెప్పబోతున్నా. ఎల్వుడ్ అడుగు పెట్టకూడదంది. ఆ పాస్టరు బతికున్నన్నాళ్ళూ పొలం లాయిడ్‌దే, రాసుకో అంది." నెవిన్ మెడ రుద్దుకున్నాడు. "ఇరుసు వంగింది నాదే, లాయిడ్. అయినా అత్త మాట అత్త మాటే. బొరియ చుట్టూ నాలుగు గుంజలు పాతుకుంటాలే."

లాయిడ్ ఆ లెక్క నెమ్మదిగా తూచుకున్నాడు. కొడితే పొలం పోతుంది. కొట్టకపోతే ఉంటుంది. ఆ ముసలావిడ కూర్చున్న చోటనుంచి లేవకుండానే అతని సాయంత్రాలన్నీ అతనికి తిరిగిచ్చేసింది. ఏదో అనబోయి ఏడ్చేశాడు. నెవిన్ అతని భుజం తట్టి ట్రాక్టరెక్కాడు.

మిట్ట దాకా పొలం నున్నగా కోసేసి ఉంది. నడుమ మాత్రం మంచమంత మేర గడ్డి నిలబడే ఉంది, యంత్రం దాన్ని చుట్టి పక్కనించి పోయింది. అందులో, తెల్లరంగు పెచ్చులూడిన వంటింటి కుర్చీ, ఒక కాలు కాస్త నేలలోకి దిగి, బొరియకేసి తిరిగి ఉంది.