పెద్ద టైర్ల పెళ్ళికొడుకు

మా తమ్ముడు ఇన్‌థోన్‌కి పౌరుషం ఎక్కువ, మా పికప్‌కి ఇంజిను తక్కువ. ఈ రెండూ కలిసి వాడి పెళ్ళిని ఎక్కడిదాకా తెచ్చాయో చెబుతాను.

బండి మా ఇద్దరిదీ. వారమంతా నేను కాల్చిన కోళ్ళూ జిగురన్నమూ వేసుకుని నాన్ పట్నం బజారుకి వెళ్ళేదాన్ని. ఆదివారం వాడు కొండమీద ఉండే, తను చేసుకోబోయే కేసోర్న్‌ని చూడడానికి తీసుకుపోయేవాడు. గేర్లు తనంతట తనే మార్చుకునే బండి అది. ఇంజిను చిన్నదైనా ఉన్న టైర్లతో కొండ బుద్ధిగా ఎక్కేది. ఒకనాడు కేసోర్న్ వాళ్ళ నాన్న ఖంఫాన్ దాన్ని చూసి, "ఏమయ్యా, దీనికి చక్రాలు పెట్టించావా, గుండీలు కుట్టించావా?" అన్నాడట. ఆయన బండి పాతదే కానీ పెద్ద ఇంజినుది. ఎత్తయిన చక్రాల మీద క్యాబేజీ బస్తాలు దించుకొచ్చేది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మావాడికి నిద్ర లేదు.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా బండి కొత్త టైర్లతో ఇంటికొచ్చింది. వాడు దాని పక్కన నిలబడి మురిసిపోతున్నాడు.

"ఎలా ఉందక్కా?"

"నాన్న బూట్లు తొడుక్కున్న పసివాడిలా ఉందిరా. ఇంజిను కూడా మార్పించావా?"

"ఇంజినెందుకు?"

"అంత పెద్ద చక్రాలు తిప్పేదెవరు మరి? నువ్వా?"

మర్నాడు బజారుకి నేనే నడిపాను. కాలు నొక్కితే ఆ బండి కాసేపు ఆలోచించి కదిలేది. పై గేరు వేసుకోనా, కింది గేరుకి దిగనా అని దారంతా గొణుక్కునేది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రేకుని రాసుకునేది. వేగం ముల్లు కూడా అబద్ధాలు నేర్చుకుంది. పక్క బండ్లన్నిటినీ మేము దాటేస్తున్నా ఏదో నెమ్మదిగా వెళుతున్నట్టు చూపించేది. పాత టైర్లు పెట్టించరా అంటే, "పెళ్ళయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ ఎత్తు చక్రాల మీదనుంచి మామగారి వాకిట్లో దిగాలని వాడి కోరిక. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకోవడం అంటే ఇదేననిపించింది నాకు.

పెళ్ళి రోజు మా అవ్వని బండెక్కించడానికి వంటింటి పీట వేయాల్సి వచ్చింది. తాంబూలం పాత్ర పట్టుకుని ముందు నడవాల్సింది ఆవిడే. వెనక డోలు వాయించేవాళ్ళు, మా పిన్నులు, చెరకు గడలు, అరటి మొక్కలు ఎక్కాయి. భిక్షువు పెట్టిన ముహూర్తం పొద్దున్నే. అది దాటిందా, భిక్షువుల వర్షాకాలం వ్రతం వచ్చిపడుతుంది. మా వైపు ఆ మూడు నెలలూ ఎవరూ పెళ్ళి చేయరు.

కొండ సగం ఎక్కాక గేరుబాక్సు వేడెక్కిందని ఎర్ర దీపం వెలిగింది. ఇన్‌థోన్ అన్నిటికన్నా కింది గేరులో పెట్టి కాలు అదిమాడు. ఇంజిను అరిచింది తప్ప బండి కదల్లేదు. అవ్వ తప్ప అందరం దిగాం. చెరకు కూడా దించాం. అయినా అంతే. నడిచి వెళదామంటే ఆ ఎత్తు ఎక్కడం అవ్వ మోకాళ్ళకి చాతకాదు. పట్టుపంచెలో మావాడు చెమటలు కక్కుతుంటే జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి నాకు.

పైనుంచి ఇదంతా చూస్తున్నారు కాబోలు, ఖంఫాన్ తన బండిని వెనక్కి నడుపుకుంటూ దిగివచ్చాడు. ఆయన వెంట కేసోర్న్ మేనత్తలిద్దరు. మందపాటి తాడు తీశాడు. కడతాడేమో అనుకుంటే, ఒక కొస మేనత్తల చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని దారికి అడ్డంగా లాగాడు.

"పెళ్ళికొడుకు డబ్బిచ్చి దాటాల్సిన వెండి గుమ్మం, బంగారు గుమ్మం పైన మా ఇంటి ముందు గొలుసులతో ఉన్నాయి. ఇది తాడు గుమ్మం. ఇక్కడ మాకు డబ్బు కవర్లు అక్కర్లేదు, జవాబు కావాలి."

"అడగండి మామయ్యా" అన్నాడు ఇన్‌థోన్.

"ఇదివరకు ఈ కొండ ఎక్కావా?"

"ప్రతి ఆదివారం ఎక్కాను."

"ఏ చక్రాలతో?"

మావాడు నేల చూశాడు. "గుండీలతో."

డోలువాడు ఠప్పున ఒక దెబ్బ వేశాడు. కొండ కొండంతా నవ్వింది.

"మరి ఎందుకు మార్చావు?"

"మీరు నవ్వారని."

ఖంఫాన్ నవ్వు ఆగిపోయింది. "ఓరి పిచ్చోడా! నేను అందరి బండ్లనీ చూసి నవ్వుతాను. పిల్లనివ్వనన్నానా? రేపు నా కూతురు నవ్వితే ఏం మార్చుకుంటావు, కాళ్ళా?"

ఇన్‌థోన్ రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది మామయ్యా. నావల్ల కావట్లేదు. ముహూర్తం దాటిపోతుందని భయంగా ఉంది. లాగండి."

పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను వాణ్ణి. నావల్ల కాదన్న మాట వాడి నోట వినడం అదే మొదలు. నా కళ్ళు తడిశాయి.

బండిలోంచి అవ్వ అరిచింది. "మాటలు చాలు! ముందు తాడు కట్టండిరా! కొండకి వెంట్రుక వేద్దాం. వస్తే పెళ్ళికొడుకు, పోతే టైర్లు!"

తాడు కట్టారు. పాత బండి ముందు, మా బండి వెనక, ఆ వెనక చెరకు గడలు భుజానేసుకుని మేము. డోలు మోగుతుంటే పిన్నులు ఆ ఎత్తులో కూడా ఆడారు. కేసోర్న్ నవ్వు ఆపుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. ముహూర్తం ఇంకా మిగిలే ఉంది. అవ్వ తాంబూలం పాత్రతో అందరికన్నా ముందు నడిచి, తర్వాత ఇద్దరి మణికట్టులకీ తెల్ల దారం కట్టింది.

భోజనాలయ్యాక ఖంఫాన్ మా బండి చుట్టూ తిరిగి టైర్లని తట్టి చూశాడు. "అల్లుడూ, ఇవి నా బండికి సరిగ్గా సరిపోతాయి" అన్నాడు. ఇంటికెళ్ళగానే విప్పి పంపిస్తానన్నాడు మావాడు. పాత టైర్లు మా పెరట్లో ఉన్నాయి. వాటిలో పొదుగుతున్న కోళ్ళని లేపి, నేనే దులిపి బిగించాను.

తర్వాతి ఆదివారం కొత్త దంపతులని తీసుకుని మళ్ళీ కొండెక్కాం. అవ్వ పీట లేకుండానే ఎక్కి కూర్చుంది. బండి ఒక్క గొణుగు గొణగలేదు. వాకిట్లో దిగుతుంటే ఖంఫాన్ మళ్ళీ నవ్వాడు. "వచ్చాయా గుండీలు?"

నేను తమ్ముడి ముఖంలోకి చూశాను. వాడూ నవ్వుతున్నాడు.

"వచ్చాయి మామయ్యా. దారిలో ఒక్కటీ ఊడలేదు."