పరలోకంలో కట్టడం పని

గుంతలోకి దించాల్సింది ఎల్లేశాన్ని. దిగింది అతని భార్య నీలమ్మ.

ఖాజాగూడ గుట్ట కింద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆమె గోతి అడుగున కాళ్లు చాపుకొని కూర్చుంది. పైన నలుగురి భుజాల మీద శవపేటిక. క్వారీకి మందుగుండు వచ్చిన పెట్టెల చెక్కలతోనే దాన్ని కొట్టారు. నిప్పుకు దూరంగా ఉంచమని పక్కన ఇంగ్లీషులో రాసుంది. అది చదవగలిగినవాడు పాస్టరు బుల్లిబాబు ఒక్కడే. ఆయన చదివి, చూపు తిప్పుకున్నాడు.

"పైకి రామ్మా. ఈ ఎండకి శవం ఆగదు."

"మీరేం చెప్తరో ముందుగాల చెప్పుండ్రి, అయ్యగారూ. అప్పుడొస్త."

"ఎప్పుడూ చెప్పేదేనమ్మా."

ఎప్పుడూ చెప్పేదేమిటో వాడలో అందరికీ తెలుసు. ప్రభువు పిలుచుకున్నాడు. డెబ్బై రెండు కరువు నుంచి ఇప్పటికి, ఈ రెండేళ్లలో, ప్రభువు ఈ ఒక్క క్వారీ నుంచే నలుగురిని పిలుచుకున్నాడు. గుత్తేదారు వీరేశాన్ని మాత్రం ఒక్కసారీ పిలవలేదు. పరలోకంలో ఏదో పెద్ద కట్టడమే నడుస్తున్నట్టుంది, రాళ్లు కొట్టేవాళ్లు చాలడం లేదు.

"పిలిస్తే పోయిండా?" అంది నీలమ్మ. "మందు వత్తి పొట్టిగ కోయించిండు గుత్తేదారు. అంటువెట్టి ఉరికేటంత సందు లేకపాయె. తట్ట మోసుకుంట నేనే చూసిన."

వీరేశం గొడుగు కింద నిలబడి ఉన్నాడు. వత్తి మూరెడు తగ్గిస్తే అతనికి మిగిలేది పావలా. మగమనిషి రోజుకూలీ మూడు రూపాయలు. లెక్క ప్రకారం మనిషి ఖరీదే ఎక్కువ. కానీ వత్తిని కొనాలి, మనిషి పొద్దున్నే తనంతట తాను నడుచుకుంటూ వస్తాడు.

"పాస్టర్ సాబ్, జల్ది కానియ్యి," అన్నాడు వీరేశం. "చర్చికి రేకులేసింది ఎవరు? ఈ జాగ ఎవరిది? దేవుని పని అని ఒక్క మాట చెప్పు, రేపు అందరు సప్పుడు జెయ్యక పనికొస్తరు. ఎల్లేశం పని వాని తమ్మునికే ఇచ్చిన గద, ఇంకేంది పరేషాన్?"

తమ్ముడు బాలనర్సయ్య పెట్టెకు ముందువైపు భుజం పట్టి ఉన్నాడు.

"గదే నా ఫికర్," అంది నీలమ్మ. "దేవుడే పిలిచిండంటే వత్తి గట్లనే పొట్టిగుంటది. రేపు వీన్ని గుడ పిలుస్తడు. అయ్యగారూ, మీ కాళ్లు మొక్కుత. ప్రార్థన చెయ్యకున్నా మంచిదే, గా మాట అనకుండ్రి."

ఆ మాట ఏడ్చేవాళ్లను ఊరుకోబెడుతుందనే బుల్లిబాబు ఇన్నాళ్లూ అనుకున్నాడు. నిజమే, అందరూ ఊరుకున్నారు. ప్రతి చావుకీ మర్నాడు పొద్దున్నే గుట్ట మీద సమ్మెటల చప్పుడు ఎప్పటిలాగే వినిపించేది. రేకులు పోతే వాన నెత్తిన పడుతుంది. జాగా పోతే చచ్చినవాళ్లకు చోటుండదు. ఆయన పుస్తకం మూసి, చెమట తుడుచుకున్నాడు.

"ప్రభువు పిలవలేదండి," అన్నాడు వీరేశంతో. "మీరే పంపించారు."

వీరేశం గొడుగు పక్కకు ఒరిగింది. "రేకులు ఇయ్యాల్నే ఇప్పిస్త! నా జాగల పెట్టె దించనియ్య! బాలనర్సయ్యా, రేపు పనికొస్తవా రావా?"

బాలనర్సయ్య తలెత్తలేదు. "రాను," అన్నాడు.

గొయ్యి పూడ్చేయడానికి పారలు పట్టుకుని గుత్తేదారు మనుషులు గుట్ట దిగుతున్నారు. పెట్టెను అందుకోడానికి గోతిలోంచి నీలమ్మ రెండు చేతులు పైకి లేచాయి.

"ఇగ దించు, తమ్మీ."