ఎండకి వాడని ఎలీసబెతు

దీవిలోని తుష్నాబాద్ ఊళ్లో యేటా మార్చి ఎండలకి మిరియం తీగలు మాడిపోతున్నాయి. ఏ రకం తట్టుకుంటుందో తేల్చమని వ్యవసాయ ఆఫీసువాళ్లు కన్నారావు సారుని పంపారు. ఆయన పదకొండు రకాలు తెప్పించి కుండీల్లో నాటించాడు. నీళ్లు పోసే పని ఎలీసబెతుది.

పన్నెండో కుండీ ఖాళీగా ఉండడం చూసి ఆమె ఊరుకోలేకపోయింది. ఇంటికి పరిగెత్తి, పోకచెట్టుకి పాకిన తీగలోంచి ఓ ముక్క తెచ్చి గుచ్చేసింది.

"దీని పేరేంటమ్మా?"

"పేరెక్కడిది సారూ, మా పెరట్లోది."

ఆయన నవ్వి, చీటీ మీద 'ఎలీసబెతు' అని రాశాడు.

ఏడాది తిరిగి తీగలు ఏపుగా ఎదిగాక ఒకరోజు, "బస్, ఇంక మూడు వారాలు నీళ్లు బంద్," అన్నాడు. రోజూ దాహంతో ఉన్నవాటి మొహాలు చూస్తూ వాడిన ఆకులు లెక్కపెట్టడం ఎలీసబెతుకి నరకమైపోయింది. రెండో వారానికి ఏడు రకాలు తలలు వేలాడేశాయి. ఆమె తీగ మాత్రం నిగనిగలాడుతోంది.

సారుకి అనుమానం వచ్చింది. "నిజం చెప్పు, దొంగచాటుగా పోస్తున్నావు కదూ?"

"ప్రభువు చూస్తున్నాడు సారూ! పన్నెండూ మీ వరండాలో పెట్టుకుని గేటుకి తాళం వేసుకోండి," అంది రోషంగా.

ఆయన అంత పనీ చేశాడు. ఇక ఆమె పొద్దున్నే గేటు బయట నిలబడి కేకేసేది. "సారూ, నేనెలా ఉన్నాను?"

"బాగానే ఉన్నావమ్మా!" లోపలినుంచి జవాబు. "నీ పక్కనున్నది పోయింది!"

ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్లు గుడ్లప్పగించి చూసేవారు.

ఇరవై ఒకటో రోజు కన్నారావు లుంగీతోనే, కుండీ చంకనెత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చాడు. "ఎలీసబెతమ్మా! నువ్వొక్కదానివే మిగిలావ్!"

అప్పుడే ఫీనిక్స్ బే రేవులో డ్యూటీ దిగి వస్తున్న ఆమె భర్త ప్రేమయ్య బిత్తరపోయాడు. "మిగతావాళ్లకేమైంది భయ్యా?"

ఎలీసబెతుకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని రోడ్డు పక్కనే కూలబడింది. నవ్వుతూనే లేచి, "ఇప్పుడు నీళ్లు పోయొచ్చా సారూ?" అనడిగింది. ఆయన తలూపాడో లేదో, నీళ్ల బకెట్టూ చెంబూ పుచ్చుకుని వరండాలోకి ఉరికింది.

"తాగండర్రా, తాగండి," అంటూ వాడిపోయిన పదకొండింటికీ ముందు పోసింది. మిగిలిన చెంబెడూ ఎగిరి గంతేస్తూ, వెనకే వచ్చిన మొగుడి నెత్తిన కుమ్మరించింది.