పన్నెండో ప్రింటరు

"మొగుడు పనిలో ఉంటే గంటకోసారి ఫోనేమిటమ్మా, వాడి ప్రాణం తోడెయ్యడానికి కాకపోతే?" అంది మా అత్తగారు. ఫోన్ చేసింది ఆయనేనని నేను చెప్పలేదు. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను.

మా ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు. అంటే వైర్లు లాగుతాడు, పెట్టెలు బిగిస్తాడు. వాటిలో ఏ సెట్టింగు పెట్టాలో నేను చెబుతాను. ఆ చదువు చదివింది నేనే. పెళ్లయిన కొత్తలో "ఇద్దరం ఎండలో తిరగడమెందుకు, నువ్వు ఇంట్లోంచే చెప్పు" అంటే ప్రేమ అనుకున్నాను. ఆరేళ్లుగా ఆయన చెవిలోనే ఉద్యోగం చేస్తున్నాను. పక్కనెవరైనా "ఎవరండీ ఫోన్లో?" అంటే, "మా ఆవిడ, కూరేం వండాలని అడుగుతోంది" అంటాడు. వాళ్ల నవ్వు కూడా నాకు వినిపిస్తుంది.

ఆవేళ ఆసుపత్రిలో పని. పాత భవనంలో వార్డులు. వీధికవతల కొత్త భవనంలో పైన ల్యాబు, కింద డాక్టర్ల గదులు. దేని నెట్‌వర్కు దానిదే. రెంటినీ కలిపే గేట్‌వే పెట్టె బిగిస్తే ల్యాబు రిపోర్టు నేరుగా వార్డు ప్రింటర్లోకి వస్తుంది.

"పచ్చలైటు వచ్చేసింది. పన్నెండో ప్రింటరుకి రిపోర్టు కూడా పంపారు. పనైపోయింది," అన్నాడు.

"ఏ పన్నెండు?"

"ఏ పన్నెండేమిటి?"

నా చెయ్యి ఆగిపోయింది. "రెండు భవనాల్లోనూ ప్రింటర్లకి ఒకే నంబర్లున్నాయి, మార్చందే కలపొద్దని నిన్న చెప్పానా లేదా? ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే నంబరుంటే ఉత్తరం ఎవరింటికి పోతుంది? వెంటనే వైరు పీకెయ్యండి."

"అందరూ చూస్తున్నారు. ఇప్పుడు పీకితే నా పరువేం కాను?" అని, అంతలోనే గొంతు మార్చి ఎవరితోనో, "అబ్బే, ఏం లేదు మేడమ్. మా ఆవిడ. కూర సంగతి," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే తియ్యలేదు.

ఎవరి రక్తం రిపోర్టో. ఎవరిని ముందు కూర్చోబెట్టుకుని చదువుతున్నారో. పొయ్యి ఆర్పి చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికి, అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి?" అంది అత్తగారు.

"పనికి," అన్నాను. ఆ మాట పైకి అనడం ఆరేళ్లలో అదే మొదలు.

ఆసుపత్రిదాకా నాలుగు వీధులూ దాదాపు పరిగెత్తాను. అక్కడ ఆ పెట్టె బిగించిన గదికి వెళ్లి, ఎవరినీ అడక్కుండా వైరు పీకేశాను. పచ్చలైటు ఆరిపోయింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది హెడ్ నర్సు.

"చెబుతాను. ముందు కొత్త భవనంలో పన్నెండో ప్రింటరు దగ్గరికి మనిషిని పంపండి."

నా మొహం చూసి తనే పరిగెత్తింది. కాగితంతో తిరిగొచ్చి, దాన్ని నా ముందు పెట్టింది. బాలింతల వార్డుకి పోవలసిన రిపోర్టు కింద డాక్టరు గదిలో పడిందట. ఆయన కాగితం మీద పేరు చూసుకోకుండా, ఎదురుగా కూర్చున్న మనిషిదే అనుకుని మందు రాస్తున్నాడట.

"సరిచెయ్యడానికి ఎంతసేపు?" అని మా ఆయన్ని అడిగింది. ఆయన నా వైపు చూశాడు.

"రెండు గంటలు," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆయన వంగి, "నువ్వు ఇంటికెళ్లు, నేను చూసుకుంటాగా," అన్నాడు గుసగుసగా. నేను కంప్యూటరు తెర మీంచి కళ్లు తిప్పలేదు.

హెడ్ నర్సు పెన్ను తీసింది. "ఇకమీదట ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రాసుకోండి," అని, నా నంబరు ఒక్కో అంకే విడదీసి చెప్పాను.