కిటికీకి కనిపించినంత మేర

ఇంటి ముందూ వెనకా పెంచుకున్న పచ్చికకు చలికాలానికి ముందు ఆఖరి ఎరువు ఎప్పుడు వేయాలో అక్క దగ్గర ఒకటే లెక్క. "గడ్డి కోత ఆగాలి, పచ్చదనం ఆగకూడదు. ఆ సందులో వేయాలి. ముందు వేస్తే లేతాకు పొడుచుకొచ్చి మంచుకు మాడుతుంది. ఆలస్యమైతే నేల గట్టిపడి ఎరువంతా కొట్టుకుపోతుంది. అదనులో వేస్తే వేరు తిని దాచుకుని, చలి పోగానే లేస్తుంది."

కిందటేడు ఆ సందు వచ్చేసరికి అక్క మంచాన పడి ఉంది. చెల్లెలు తన ఇంటికి తాళం వేసి వచ్చి మందులూ పథ్యమూ చూస్తోంది. డాక్టరు గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఈ చలికాలం గట్టెక్కడం కష్టమమ్మా," అని వెళ్ళిపోయాడు. మర్నాడే అక్క కిటికీలోంచి చూసి, "గడ్డి పెరగడం మానేసింది. ఇవాళే వేసెయ్యవే," అంది.

చెల్లెలు షెడ్డులోంచి ఎరువు చల్లే చక్రాల బండి తీసింది. అక్క తలగడ మీద తల ఎత్తి, అద్దం మీద వేలితో కొడుతూ అజమాయిషీ చేసింది. "ఒసే, ఆ నడకేమిటే? తాగినదానిలా వంకర్లు పోతున్నావ్!"

కిటికీకి కనిపించినంత మేరా చెల్లెలు శ్రద్ధగానే చల్లింది. ఇంటి మూల తిరిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి. వసంతం చూడని మనిషికి పెరడెందుకు అనిపించింది. అలా అనిపించినందుకు కళ్ళు నిండాయి గాని, చెయ్యి మాత్రం బండి అడుగున ఎరువు రాలే కంతకున్న మూత బిగించేసింది. చప్పుడు వినబడకపోతే అక్క ఊరుకోదు. అందుకని మూసిన బండినే పెరడంతా ఈ చివరి నుంచి ఆ చివరికి లాగింది. తర్వాత వెనక మెట్టు మీద కూర్చుని, రేపో మాపో ఏడవాల్సినదంతా అప్పుడే ఏడ్చేసింది.

"పెరడు కూడా అయిందా?"

"అయిందక్కా."

"నా తల్లివే," అంది అక్క. ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదామె.

చలికాలం గడిచింది. అక్క గట్టెక్కింది. ముందు లేచి కూర్చుంది, తర్వాత మందుల మీద విసుక్కుంది, ఆ తర్వాత ఉప్పు చాల్లేదని గిన్నె తోసేసింది. చెల్లెలు పొంగిపోయింది. ఆ పొంగు చల్లారకముందే పెరడు గుర్తొచ్చింది.

"పెరట్లోకి తీసుకెళ్ళవే."

"తడిగా ఉందక్కా." మర్నాడు గాలి. ఆ మర్నాడు జారుడు.

"నిన్ను నమ్ముకుంటే వచ్చే చలికాలం కూడా ఈ మంచం మీదే," అని అక్క చేతికర్ర అందుకుంది.

మూల దగ్గర ఆగిపోయింది. కత్తితో కోసినట్టు గీత. ఇవతల నిగనిగలాడే పచ్చ. అవతల బట్టతలలా పలచబడి, పండుబారిన గడ్డి. అక్క ఆ గీతను చూసింది, తన కిటికీని చూసింది. ఆ చూపు తన మీదికి రాకముందే చెల్లెలు తల దించుకుంది.

"బండి చప్పుడు విన్నానే."

"మూత వేసి లాగానక్కా."

"నడుం పట్టేసిందా?"

అబద్ధం అక్కే అందించింది. పుచ్చుకుంటే సరిపోయేది. చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"డాక్టరు నీతో కూడా అన్నాడా?"

చెల్లెలు చివాలున తల ఎత్తింది. "నీకు తెలుసా?"

"నా ఒళ్ళు నాకు తెలీదూ? అడిగి మరీ చెప్పించుకున్నా. తెలిసే నిన్ను ఎరువు వెయ్యమన్నా."

చెల్లెలు అరచేతుల్లో మొహం దాచుకుంది. "ఈ పూటే వేసేస్తానక్కా."

"ఇప్పుడు వేస్తే ఆకు ఎగబాకుతుంది, వేరు పస్తుంటుంది. మళ్ళీ కోత ఆగేదాకా ఆగాలి." అక్క కర్రతో పండుగడ్డిని కదిపి చూసింది. "చావలేదులే. ఆకలితో ఉంది, అంతే. అందాకా ఉంటావా, సంచీ సర్దేసుకున్నావా?"

ఉంటానని చెప్పడానికి చెల్లెలికి మొహం చెల్లలేదు. షెడ్డులోకి వెళ్ళింది. మిగిలిన ఎరువు బస్తా చెమ్మ నేల మీద ఒరిగి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి, పొడి చెక్క మీద పెట్టి, మూతిని రెండు ముళ్ళు వేసి బిగించి కట్టింది.