వాల్వు కొన మీద గీత

కుట్టుపని చేసే అక్క, కారు సీటు కవర్ల మూట చంకన పెట్టుకుని తమ్ముడి షెడ్డులో అడుగుపెట్టేసరికి లోపల మేనమామా మేనకోడలూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు.

"రా అక్కా, సమయానికొచ్చావు. నిక్షేపంలాంటి రాడ్‌ని నీ కూతురు రెండు ముక్కలు చేసింది, చూడు!"

బల్ల మీద ఉన్నది యాభై ఏళ్ళ నాటి కారు ఇంజిను. వేడెక్కి దాని పైమూత, హెడ్డు, వంగిపోతే చెక్కించి చదును చేయించారు. వాల్వులను నొక్కి తెరిచే రాకరు మీటలను పైకి తోసే పుష్‌రాడ్లు పన్నెండింటిలో నాలుగు వంకరపోయాయి. అన్నీ కొత్తవి చేయించాలి. మధ్యాహ్నానికల్లా పొడవు చెప్పమన్నాడు లేతు మేస్త్రి.

ఆరేళ్ళుగా చక్రాలూ బ్రేకులూ విప్పుతున్న మేనకోడలికి తమ్ముడు మొదటిసారి ఒక ఇంజినును పూర్తిగా వదిలాడు. "ఇది నిలబెట్టావా, ఇక ఇంజిన్లన్నీ నీ చేతి మీదే. చెడగొట్టావా, మళ్ళీ చక్రాల దగ్గరికే" అన్నాడు. ఆ మాట వారం రోజులుగా తల్లికి పూజలో కూడా అడ్డొస్తోంది.

"కొయ్యకపోతే కొలవడం ఎలా మామయ్యా? మధ్యలో మర పెట్టించాను. ఇటు తిప్పితే సాగుతుంది, అటు తిప్పితే కురచవుతుంది."

"అసలు కొలవడం దేనికే? వంకరపోనిది ఒకటి ఆదికి పంపిస్తే, దాన్ని చూసి పన్నెండూ చేసి పడేస్తాడు. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే!"

'ఆది' అన్న మాట చెవిన పడగానే తల్లి మూట కింద పెట్టింది.

"ఒరేయ్, పోయినసారి నీ పాత చొక్కా ఆదికిచ్చి, కొత్తదానికి గుండీలు పట్టడం లేదని నా మీద ఇంతెత్తున లేచావు. ఆది తప్పు కాదురా, నీ పొట్ట మారింది."

కూతురు పకపకా నవ్వింది. "అదే అమ్మా! హెడ్డు చెక్కించాక పాత రాడ్ దీనికి పొడుగు."

"అబ్బో, తల్లీకూతుళ్ళు ఒకటయ్యారు! చెక్కింది మిల్లీమీటరున్నర. ఆ మేరకు తగ్గించి చెప్పెయ్, గొడవ వదిలిపోతుంది."

"హెడ్డు కింద వేసే కొత్త గాస్కెట్ పాతదానికన్నా మందం మామయ్యా. బిగించి చూస్తే గానీ తెలియదు."

కూతురు వాల్వుకున్న గట్టి స్ప్రింగు తీసి, వేలితో నొక్కితే దిగే మెత్తటిది పెట్టింది. రాకరు తగిలే వాల్వు కొనకు మార్కరుతో నల్లరంగు పూసింది. మర రాడ్‌ని పాత పొడవుకే ఉంచి, రాకరు బిగించి, ఇంజినును చేత్తో రెండు చుట్లు తిప్పింది. రాకరు తీసేసరికి నల్లరంగు మీద మెరుస్తూ ఒక గీత. వెడల్పుగా, బయటి అంచును ఆనుకుని ఉంది.

"ఇలా అంచున తోస్తే వాల్వు రోజూ పక్కకు ఒరుసుకుని, తను దిగే దారిని తనే తినేస్తుంది."

మామయ్య కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. "ఊఁ" అన్నాడు.

కూతురు మర తిప్పి రాడ్‌ని కాస్త కురచ చేసి, మళ్ళీ రంగు పూసింది. తల్లి పెదవులు కదిలాయి. స్వామీ, ఈసారి ఆ గీత మధ్యకు జరుపు... అంతలోనే ఆగిపోయింది. రాడ్ పొడవును బట్టి పడే గీతను తన కూతురి కోసం దేవుడు జరుపుతాడా? జరిపినా, ఆ కొలతతో ఇంజిను ఎన్నాళ్ళు నడుస్తుంది? ఇలా అడగడం భక్తేనా అనిపించింది. కోరిక మార్చుకుంది. ఉన్నది ఉన్నట్టు దాని కంటికి కనపడనీ తండ్రీ, అంతే చాలు.

రెండోసారి గీత కొంచెం లోపలికి వచ్చింది. మూడోసారి ఇంకొంచెం. నాలుగోసారి సన్నగా, నడిమధ్యన పడింది.

మామయ్య రాడ్ అందుకుని కాలిపరుతో తనే కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు.

"తగ్గింది ఒక మిల్లీమీటరు, పైన పిసరు. నా లెక్కకు చేయించి ఉంటే పన్నెండూ కురచయ్యేవి" అన్నాడు మెల్లగా. "సరే, లేతుకు ఫోన్ కొట్టనా?"

"అప్పుడేనా! ఇది ఇన్లెట్ వాల్వు. ఎగ్జాస్టుది చూడాలి, ఆ చివరి సిలిండరుదీ చూడాలి. వాటిలోనూ ఇలాగే పడితేనే చెబుదాం."

పనివాళ్ళ మీద అరవడమే తప్ప ఒకరు చెబితే విని ఎరగని మనిషి, చేతులు తుడుచుకుని ఇంజిను ముందుకు వెళ్ళి పానా పట్టుకున్నాడు. "తిప్పనా?"

"మెల్లగా... ఇంకొంచెం... ఆపు!"

చటుక్కున ఆపాడు.

పక్క షెడ్డు టైర్లవాడు గుమ్మంలో నిలబడి నోరు వెళ్ళబెట్టాడు. "ఇదేంటి మేస్త్రీ, నువ్వు తిప్పుతున్నావు?"

"మేస్త్రి నేను కాదు, అటు ఉంది. నువ్వు అడ్డం తప్పుకో, దానికి వెలుతురు పడాలి."

"ఏమన్నావురా?" అంది అక్క.

"మేస్త్రి అటు ఉందన్నాను. చెవుడా నీకు?"

"ఊఁ, కొంచెం" అంది.